ఎనిమిది కోర్ల పాతది, నాలుగు కోర్ల కొత్తది

పాత కంప్యూటర్లు అమ్మే దుకాణంలో బల్ల మీద రెండు ప్రాసెసర్లు పక్కపక్కన పెట్టారనుకోండి. ఒకటి ఇంటెల్ జియాన్ ఈ5-2670. 2012 మార్చిలో వచ్చింది. సర్వర్లకు, వర్క్‌స్టేషన్లకు తయారుచేసిన సరుకు. అప్పట్లో కంపెనీ పెట్టిన ధర 1,552 డాలర్లు. రెండోది కోర్ ఐ3-12100. 2022 జనవరిలో వచ్చిన మామూలు ఇంటి ప్రాసెసర్, ధర 122 డాలర్లు. చేతిలోకి తీసుకుంటే పాతదే బరువుగా తోస్తుంది. పొడవు 52.5 మిల్లీమీటర్లు, వెడల్పు 45. కొత్తది 45 పొడవు, 37.5 వెడల్పు. వెనక్కి తిప్పి చూస్తే బంగారు పూతతో మెరిసే స్పర్శబిందువులు పాతదానికి 2,011, కొత్తదానికి 1,700. లెక్కలు చేసే భాగాలైన కోర్లు పాతదాంట్లో ఎనిమిది, కొత్తదాంట్లో నాలుగే. పైగా ఇప్పుడు ఆ జియాన్ సెకండ్‌హ్యాండ్‌లో కారుచౌకగా దొరుకుతుంది. ఏది కొనాలి?

ఈ ప్రశ్నకు జవాబు ఊరిని బట్టి మారుతుంది. మయన్మార్‌లో, ఒకప్పటి రంగూన్ అయిన యాంగోన్ నగరానికి పడమటి పక్కన, హ్లైంగ్ నది ఒడ్డున ఉన్న చిమిండైంగ్‌ను తీసుకుంటాను. బ్రిటిష్ కాలపు కాగితాల్లో కెమ్మెండైన్ అని కనిపించే పేట ఇదే. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఓడలెక్కి రంగూన్ చేరిన తెలుగువాళ్ళు ఆ నగరపు రేవుల్లో, మిల్లుల్లో పనిచేసి బతికారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారత మూలాలవాళ్ళే. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక చాలామంది నడిచీ, ఓడలెక్కీ వెనక్కి వచ్చేశారు. ఉండిపోయినవాళ్ళ మనవలూ మునిమనవలూ ఇవాళా ఆ దేశంలో ఉన్నారు. అలాంటి ఇంట్లో ఒక కుర్రవాడు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి బతకాలనుకుంటున్నాడని ఊహించుకుందాం. అతని చేతిలో డబ్బు తక్కువ. ఇంటికి కరెంటు వంతులవారీగా వస్తుంది. ప్రాసెసర్ల గురించి మనం మామూలుగా చెప్పుకునే లెక్కలన్నీ ఈ రెండో మాట దగ్గర తారుమారవుతాయి.

ముందు ఆ జియాన్ ఇంత చౌక ఎందుకయిందో చూద్దాం. పెద్ద పెద్ద డేటా సెంటర్లు సర్వర్లను నాలుగైదేళ్ళు వాడి మార్చేస్తాయి. అవి చెడిపోయి కాదు, అదే కరెంటుకు, అదే చోటుకు కొత్తవి ఎక్కువ పని చేస్తాయి కనుక. 2016 ప్రాంతంలో ఈ5-2670లు కుప్పలుతెప్పలుగా బజారుకొచ్చి, వెయ్యిన్నర డాలర్ల చిప్పు వంద డాలర్ల లోపుకు పడిపోయింది. వాటికోసం చైనాలో కొత్తగా బోర్డులు చేసి అమ్మినవాళ్ళూ ఉన్నారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళితే, ఆఫీసులు వదిలించుకున్న పాత వర్క్‌స్టేషన్లు తుడిచి, సర్ది అమ్మకానికి పెట్టి ఉంటాయి. ప్రపంచమంతా ఇదే తంతు. లక్షలు పోసి కొన్న యంత్రం వేలల్లో దొరుకుతుంటే మనసు లాగడం సహజం. ఆ లాగుడుకు కారణం కోర్ల సంఖ్య.

కోర్లు పెంచడం కంపెనీలకు సరదాగా పుట్టిన ఆలోచన కాదు. 1974లో ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు ఒక సూత్రం చెప్పారు. ట్రాన్సిస్టర్‌ను చిన్నది చేస్తూ పోతే దానికి ఇచ్చే వోల్టేజీనీ అదే నిష్పత్తిలో తగ్గించవచ్చు. అప్పుడు చిప్పు వేడెక్కకుండానే గడియారపు వేగం పెంచుకోవచ్చు. దాదాపు ముప్పై ఏళ్ళు పరిశ్రమ ఈ సూత్రం మీదే నడిచింది. తర్వాత ట్రాన్సిస్టర్లు ఎంత చిన్నవయ్యాయంటే, ఆపినా వాటిలోంచి కరెంటు కారిపోవడం మొదలైంది. వోల్టేజీని ఇంక దించలేని పరిస్థితి వచ్చింది. చిప్పు మింగే కరెంటు వోల్టేజీ వర్గంతో, గడియారపు వేగంతో పెరుగుతుంది. వోల్టేజీ దిగకపోతే వేగం పెంచిన ప్రతిసారీ చిప్పు కాలిపోతుంది. 2004లోనే పెంటియం 4 ప్రాసెసర్ 3.8 గిగాహెర్ట్జ్ దాకా వెళ్ళింది. అంటే మన కథలోని జియాన్ కంటే ఏడేళ్ళకు పైగా ముందుది, గడియారంలో దానికంటే వేగమైనది. వేగం గోడకు తగిలాక మిగిలిన దారి ఒకే చిప్పు మీద ఎక్కువ కోర్లు పెట్టడం. ఆ దారిలో మనవాళ్ళ చేయీ ఉంది. ఇంటెల్ తొలి ఆరు కోర్ల ప్రాసెసర్ జియాన్ 7400, 2008 సెప్టెంబరులో విడుదలైంది. దాన్ని రూపొందించింది బెంగళూరులోని బృందం.

అయితే కోర్లను లెక్కపెట్టడం వేరు, ఒక్కో కోరు ఎంత పని చేస్తుందో చూడడం వేరు. గడియారాలు చూడండి. పాతది మామూలుగా 2.6, గరిష్ఠంగా 3.3 గిగాహెర్ట్జ్. కొత్తది 3.3, గరిష్ఠంగా 4.3. అంటే గరిష్ఠ వేగాల్లో తేడా మూడో వంతు కూడా లేదు. కానీ ఒక్క కోరుతో చేయించే పరీక్షల్లో కొత్తది రెండింతలకు పైగా పని చేస్తుంది. మిగతా తేడా ఎక్కడిది? గడియారం ఒక్కసారి కొట్టుకునే వ్యవధిలో ఎన్ని ఆదేశాలు పూర్తవుతాయన్న దాంట్లో ఉంది. ప్రచార కాగితాల్లో ఈ అంకె కనిపించదు. నాకు అన్నిటికంటే ఆసక్తి ఉన్నది దీని మీదే, అందుకని ఇక్కడ కాస్త నిలబడతాను.

ప్రాసెసర్‌కు కావలసిన అంకె ప్రధాన మెమరీలో ఉందనుకుందాం. అది రావడానికి సుమారు 80 నానోసెకన్లు పడుతుంది. 3.3 గిగాహెర్ట్జ్ వేగంతో కొట్టుకునే కోరుకు ఆ కాస్త సమయం 260కి పైగా కొట్టుకోళ్ళతో సమానం. అంతసేపూ ఊరికే కూర్చుంటే ఎంత వేగమున్నా దండగే. అందుకని కోరు ముందుచూపుతో పనిచేస్తుంది. ఆగిపోయిన ఆదేశాన్ని పక్కన పెట్టి, దానితో సంబంధం లేని తర్వాతి ఆదేశాలను కానిచ్చేస్తుంది. చివరికి ఫలితాలను మాత్రం అసలు వరసలోనే అప్పగిస్తుంది. ఇలా పూర్తికాని ఆదేశాలను గుర్తుపెట్టుకోవడానికి కోరులో ఒక పట్టిక ఉంటుంది. పాత జియాన్‌లోని శాండీ బ్రిడ్జ్ కోరులో ఆ పట్టికకు 168 గదులు. కొత్తదాంట్లోని గోల్డెన్ కోవ్ కోరులో 512. గదులు నిండిపోతే కోరు ఆగిపోవాల్సిందే. కనుక పాత కోరు చేతులెత్తేసిన చోట కొత్తది ఇంకా మూడింతల దూరం ముందుకు చూడగలదు.

ఆదేశాలను విడమరిచే భాగం కూడా అలాగే పెరిగింది. పాతది ఒక్కో కొట్టుకోలులో నాలుగు ఆదేశాలను విప్పగలిగితే, కొత్తది ఆరింటిని విప్పుతుంది. కోరు పక్కనే ఉండే రెండో స్థాయి క్యాష్ మెమరీ 256 కిలోబైట్ల నుంచి 1.25 మెగాబైట్లకు, అంటే అయిదింతలకు చేరింది. మెమరీ దాకా పరుగెత్తాల్సిన అవసరమే తగ్గింది. మూడో స్థాయి క్యాష్‌లో మాత్రం పాతదే పైచేయి. దానికి 20 మెగాబైట్లు, కొత్తదానికి 12.

వీడియోకు, త్రీడీ బొమ్మలకు దశాంశాల గుణింతాలు, కూడికలు లెక్కలేనన్ని కావాలి. పాత కోరులో గుణింతం ఒక ఆదేశం, కూడిక మరో ఆదేశం. కొత్తదాంట్లో రెండూ కలిపి ఒకే ఆదేశం, అలాంటివి ఒకేసారి రెండు నడుస్తాయి. పాత కోరు ఒక్క కొట్టుకోలులో ఎనిమిది లెక్కలు చేస్తే, కొత్తది పదహారు చేస్తుంది. మామూలు గడియారాలతో గుణించి చూస్తే, ఎనిమిది కోర్ల జియాన్‌కు సెకనుకు సుమారు 16,600 కోట్ల లెక్కలు, నాలుగు కోర్ల ఐ3కి 21,100 కోట్లు. ఇది కాగితం మీద గరిష్ఠం, నిజంలో ఏదీ అంతదూరం పోదు. అయినా సగం కోర్లతో ఎక్కువ పని ఎలా సాధ్యమయిందో ఇక్కడే తెలిసిపోతుంది.

కోర్లు ఎక్కువ ఉండడంలో ఇంకో చిక్కు ఉంది. 1967లో జీన్ ఆమ్డాల్ దాన్ని ఎత్తిచూపారు. చేపల టోకు సంతలో బుట్టలు మోసేవాళ్ళు ఎనిమిదిమంది ఉన్నా, తూచే కాటా ఒక్కటే అయితే వరస కాటా దగ్గరే ఆగుతుంది. ప్రోగ్రాముల్లోనూ పంచడానికి వీలుకాని పని కొంత ఉంటుంది. ఒక పనిలో 90 శాతం పంచుకోగలిగినదనుకుందాం. ఎనిమిది కోర్లు కలిసి ఒక్క కోరు కంటే 4.7 రెట్లు మాత్రమే వేగం తెస్తాయి. నాలుగు కోర్లు 3.1 రెట్లు తెస్తాయి. కానీ కొత్తదాని ఒక్కో కోరు రెండింతల వేగం కనుక, అది పాత కోరు లెక్కలో 6.2 అవుతుంది. సగం పనే పంచుకోగలిగితే తేడా మరీ ఎక్కువ: పాతదానికి 1.8, కొత్తదానికి 3.2. నూటికి నూరుపాళ్ళూ పంచుకోగల పని దొరికితేనే రెండూ సమానమవుతాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌లైన్ మీద మౌస్ లాగడం, ఫైలు తెరవడం, ఒక ఎఫెక్ట్ పెట్టి చూడడం లాంటివన్నీ ఒకటి రెండు కోర్ల మీద నడిచే పనులే. మనిషి కూర్చుని ఎదురుచూసేది వీటి కోసమే.

ఇంతవరకూ సికింద్రాబాద్‌కైనా చిమిండైంగ్‌కైనా లెక్క ఒకటే. ఇక్కణ్ణుంచి దారులు వేరవుతాయి.

చిమిండైంగ్‌కు దక్షిణాన ఆనుకుని ఉన్న అహ్లోన్‌లో గ్యాస్ టర్బైన్లతో నడిచే విద్యుత్ కేంద్రం ఉంది. అయినా ఆ చుట్టుపక్కల ఇళ్ళకు కరెంటు నిలకడగా రాదు. దేశంలో గ్యాస్ ఉత్పత్తి తగ్గుతూ వచ్చింది. దిగుమతి చేసుకున్న ద్రవ గ్యాస్‌తో నడిచే కేంద్రాలు 2021లో ఆగిపోయాయి. ఆ ఏడాది జరిగిన సైనిక కుట్ర తర్వాత కొత్త పెట్టుబడులు ఆగాయి, లైన్లు దెబ్బతిన్నాయి. నగరాన్ని భాగాలు చేసి వంతులవారీగా కొన్ని గంటలు ఇవ్వడం, కొన్ని గంటలు తీయడం యాంగోన్‌కు అలవాటైపోయింది. స్తోమత ఉన్నవాళ్ళు ఇన్వర్టరు, బ్యాటరీ, సౌర పలకలు పెట్టుకున్నారు. కనుక అక్కడ ప్రాసెసర్ ఎంత వేగంగా పని చేస్తుందనే దానికన్నా, ఒక బ్యాటరీ మీద ఎంత పని పూర్తి చేస్తుందనేదే పెద్ద ప్రశ్న.

లెక్క వేద్దాం. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో 1,200 వాట్-అవర్లు ఉంటాయి. పూర్తిగా ఖాళీ చేస్తే బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది కనుక సగమే వాడతాం. ఇన్వర్టరులో మరో పదిహేను శాతం పోతుంది. చేతికొచ్చేది సుమారు 510. పాత వర్క్‌స్టేషన్ పూర్తి పనిలో మొత్తం యంత్రం కలిపి 180 వాట్లు, కొత్త డెస్క్‌టాప్ 90 వాట్లు తీసుకుంటాయనుకుని, ఒక్కోదానికి 20 వాట్ల మానిటర్ కలుపుదాం. పాతది రెండున్నర గంటల్లో బ్యాటరీని తాగేస్తుంది. కొత్తది నాలుగున్నర గంటలు దాటి నడుస్తుంది. కోత నాలుగు గంటలైతే, పాతదాని మీద వీడియో తయారవుతుండగా మధ్యలో తెర ఆరిపోతుంది, పని మళ్ళీ మొదటికొస్తుంది. కొత్తదాని మీద పని పూర్తవుతుంది, ఆపైన రాత్రి ఫ్యానుకు కాస్త మిగులుతుంది కూడా. అన్ని కోర్లనూ వాడే పరీక్షల్లోనూ ఈ ఐ3 ఆ జియాన్‌ను దాటుతుంది. అంటే అదే పనిని తక్కువ సమయంలో, సగం వాట్లతో ముగిస్తుంది.

చిప్పుల మీద రాసి ఉండే అంకెలు కూడా ఈ దిక్కే చూపిస్తాయి. జియాన్ ఉష్ణ పరిమితి 115 వాట్లు. ఐ3ది మామూలుగా 60, కాసేపు గరిష్ఠంగా 89. కానీ అసలు దెబ్బ పని లేనప్పుడు తగులుతుంది. రోజులో ఎక్కువసేపు కంప్యూటర్ మనిషి ఆలోచించడం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. కొత్త డెస్క్‌టాప్ ఆ సమయంలో కోర్లను నిద్రపుచ్చి పాతిక ముప్పై వాట్లకు దిగిపోగలదు. పాత వర్క్‌స్టేషన్ అంత కిందికి దిగలేదు. నాలుగు మెమరీ దారులు, వాటి నిండా సర్వర్ మెమరీ పలకలు, పెద్ద చిప్‌సెట్, రోజంతా తిరిగే ఫ్యాన్లు, అన్నీ మేలుకునే ఉంటాయి. దీనికి తోడు, ఆ జియాన్‌లో గ్రాఫిక్స్ భాగమే లేదు. తెర మీద బొమ్మ రావాలంటే విడిగా కార్డు పెట్టాలి, దానికీ కరెంటు పోయాలి. ఈ వాట్లన్నీ చివరికి వేడిగా మారి, ఏప్రిల్ ఉక్కలో అదే గదిలోకి వస్తాయి.

పెళ్ళి వీడియోల కుర్రవాడికి మరో మేలు ఉంది. ఐ3-12100లో వీడియోను కుదించడానికి, విప్పడానికి ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. హెచ్.264, హెచ్ఈవీసీ పద్ధతుల్లో వీడియోను రాసేపని దానికి అప్పగిస్తే కోర్లు దాదాపు ఖాళీగా ఉంటాయి. ఒకే పని కోసం సిలికాన్‌లో చెక్కిన భాగం, ఏ పనైనా చేయగల కోరుకన్నా చాలా తక్కువ కరెంటుతో ఆ పని ముగిస్తుంది. ఫైలు కొంచెం పెద్దదవుతుంది, నాణ్యతను మరీ పరిశీలించి చూసేవాళ్ళకు తేడా తెలుస్తుంది. పెళ్ళివారికి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేదానికి అది అడ్డు కాదు.

ఇంతా చెప్పి పాతదాన్ని తీసిపారేస్తే అన్యాయం చేసినట్టే. అది ఒక రకం పనికి నిలబడేలా కట్టిన యంత్రం. దానికి నాలుగు మెమరీ దారులు, ఒక్కో దారిలో డీడీఆర్3-1600. కలిపితే సెకనుకు 51.2 గిగాబైట్లు. పదేళ్ళ తర్వాతి ఐ3కి రెండే దారులు, వాటిలో డీడీఆర్4-3200 పెట్టామనుకుందాం. కలిపితే అదీ సరిగ్గా 51.2. పదేళ్ళు గడిచినా పాతది ఆ ఒక్క చోట తలవంచలేదు. మెమరీ పరిమాణంలోనైతే ముందే ఉంది. జియాన్ 384 గిగాబైట్ల దాకా మోస్తుంది, ఐ3 128 దగ్గర ఆగిపోతుంది. బోర్డు రెండు సాకెట్లదైతే అలాంటి చిప్పులు రెండు పెట్టుకోవచ్చు. డిస్కులు, నెట్‌వర్క్ కార్డులు, గ్రాఫిక్స్ కార్డులు తగిలించడానికి పాతదానికి 40 దారులున్నాయి, కొత్తదానికి 20. కాకపోతే కొత్తదాని ఒక్కో దారి చాలా వేగమైనది.

పాతదాంట్లో నేను అన్నిటికన్నా గౌరవించేది దాని మెమరీకున్న తప్పులు దిద్దే గుణం. రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించిన గణితం మీద ఇది నడుస్తుంది. ప్రతి 64 బిట్ల పక్కన 8 సాక్షి బిట్లు రాసి పెడతారు. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్లో, మెమరీ గది బలహీనపడడం వల్లో ఒక బిట్ 0 నుంచి 1కి తిరగబడితే, ఆ సాక్షులను బట్టి ఏ బిట్ తప్పిందో కనిపెట్టి అక్కడికక్కడే దిద్దేస్తుంది. రెండు తప్పితే దిద్దలేకపోయినా పట్టుకుని చెబుతుంది. మామూలు ఇంటి బోర్డుల్లో ఈ ఏర్పాటు ఉండదు. రాత్రింబవళ్ళు నడిచే లెక్కలకు, ఆసుపత్రి రికార్డులకు, పదిమంది ఫైళ్ళు దాచే సర్వర్‌కు ఈ భద్రత అవసరం. కరెంటు ఆగని చోట, భారీ మెమరీతో వర్చువల్ మెషీన్లు నడిపి నేర్చుకునే ఇంజనీరింగ్ విద్యార్థికి పాత వర్క్‌స్టేషన్ ఇప్పటికీ మంచి బేరమే.

అయితే వయసు ఇంకో రూపంలో మీద పడుతోంది. 2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్ అనే భద్రతా లోపం ఈ తరం జియాన్లలో ఉంది. దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ చేతే కప్పించాలి, అందుకు కొంత వేగం వదులుకోవాలి. కొత్త కోర్లలో ఆ లోపాన్ని సిలికాన్‌లోనే సరిచేశారు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఆమోదించే ప్రాసెసర్ల జాబితాలో ఈ జియాన్ లేదు. లినక్స్ ఉందిగా అంటే, అక్కడా తలుపులు ఒక్కొక్కటిగా మూసుకుంటున్నాయి. 2025లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10, ఏవీఎక్స్2 ఆదేశాలు తెలియని ప్రాసెసర్ మీద నడవదు. ఈ జియాన్‌లోని శాండీ బ్రిడ్జ్ కోరుకు అవి తెలియవు. డెబియన్ లాంటివి మాత్రం ఇంకా ఆదరిస్తున్నాయి.

కనుక చిమిండైంగ్ కుర్రవాడికి నా సలహా నాలుగు కోర్ల కొత్తదే. దుకాణంలో ఒక్కటి మాత్రం చూసుకోవాలి. డబ్బు తగ్గించడానికి 16 గిగాబైట్ల మెమరీని ఒకే పలకగా పెట్టి ఇస్తుంటారు. అప్పుడు రెండు దారుల్లో ఒకటి ఖాళీగా ఉండి, 51.2 గిగాబైట్ల వేగం 25.6కు పడిపోతుంది. లోపలి గ్రాఫిక్స్ కూడా ఆ మెమరీనే పంచుకుంటుంది కనుక వీడియో పనిలో ఆ లోటు తెలుస్తుంది. పెట్టె మూత తీయించి, ఎనిమిదేసి గిగాబైట్ల పలకలు రెండు, బోర్డు పుస్తకంలో చెప్పిన గాడుల్లో ఉన్నాయో లేదో చూసి మరీ తెచ్చుకోవాలి.